సౌదీకి పోయినోడి పాట

మొన్న ఒక ఫిలిప్పీన్స్ నర్సమ్మ పాడైపోయిన చిన్న స్పీకరు పట్టుకుని మా అంగడికి వచ్చింది. కువైట్‌లో, ఖైతాన్‌లో మాది రిపేరు అంగడి. ఒకప్పుడు టీవీలు, టేప్‌రికార్డర్లు వచ్చేవి, ఇప్పుడంతా ఇలాంటి గుప్పెడంత స్పీకర్లే. ఊడిపోయిన తీగ అతికించి, ఏదైనా పెట్టమన్నాను. ఆమె ఫోన్లో ఏవో విదేశీ సినిమా పాటలు వెతికి ఒకటి నొక్కింది. గిటారు, దాని కింద చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఆగకుండా ఒక చప్పుడు, దాని మీద పక్కగదిలో పసిబిడ్డ నిద్రపోతోందన్నంత మెల్లగా ఎవరో ఆడమనిషి గొంతు. కాసేపటికి ఆ మాట వచ్చింది. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాపం, స్పీకరు ఇంకా బాగవలేదేమోనని ఆ పిల్ల గాబరాపడింది.

అది మా చిన్నమ్మ పాట. ఆమె పాడిందని కాదు. చిన్నమ్మకూ సంగీతానికీ ఆమడ దూరం. రాయచోటి నుంచి వచ్చి ఒక కువైటీ ఇంట్లో వంటమనిషిగా చేసేది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ మామా అనేవాళ్ళు. మామాకి వయసులో ఉండగా భర్తతో దేశాలు తిరిగిన అలవాటు వల్ల సినిమాల పిచ్చి పట్టింది. అందులోనూ ఒక బ్రెజిల్ సినిమా అంటే ప్రాణం. శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి ముందు అది పడాల్సిందే. సెలవు రోజు కాబట్టి నేనూ చిన్నమ్మను చూడ్డానికి వెళ్ళి, వంటగదిలో స్టూలు మీద కూర్చుని, ఆమె పెట్టింది తింటూ హాల్లోంచి వచ్చే ఆ పాటలు వినేవాణ్ణి. ఆ మెత్తటి పాటల్ని బోసా నోవా అంటారనీ, డోళ్ళు మోగేది సాంబా అనీ మామాయే చెప్పింది. నాకేమో ఆ బియ్యం చెరిగే చప్పుడు ఎక్కడో విన్నట్టుండేది. మన పాత సినిమాల్లో క్లబ్బు పాటల వెనకా, కారు షికారు పాటల వెనకా ఉండేది అదే కదా! మనవాళ్ళు ఎప్పుడో దాన్ని తెచ్చి, తిరగమోత పెట్టి, మనకే వడ్డించేశారు.

ఆ సినిమా కథ చాలా చిన్నది. సముద్రం ఒడ్డున ఇల్లు, కిటికీలో ఒకావిడ, పడవెక్కి పోయిన మొగుడు. ఆవిడ పాట వచ్చినప్పుడల్లా చిన్నమ్మ గరిట పక్కన పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళేది. పాటలో మాటిమాటికీ "సౌదాజీ" అని వచ్చేది.

"ఇన్నావా అబ్బీ, సౌదీ అంటాంది. సౌదీకి పోయినోణ్ణి పిలుస్తాంది పాపం" అంది ఒకసారి.

"అది బ్రెజిల్ చిన్నమ్మా. ఆ దేశమోళ్ళకి సౌదీతో ఏం పని?"

"కడపోళ్ళు కువైట్లో ఉండంగా లేంది, బ్రెజిలోళ్ళు సౌదీలో ఉంటే తప్పొచ్చెనా?"

నవ్వేశాను. కానీ మా చిన్నాయన పోయిందీ సౌదీకే. ఇద్దరూ ఇక్కడే పనిచేస్తుండగా, లారీ తోలడానికి మంచి జీతమని వెళ్ళాడు. "నువ్వు ఈడనే ఉండు, నేనొచ్చినాక ఇద్దరం కలిసి ఊరికి పోదాం" అన్నాడు. కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. పని మానేసి వెళ్ళిపోయాడని అక్కడివాళ్ళు ఒక్క ముక్క చెప్పారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. తెలిసిన ప్రతి డ్రైవరునూ అడిగాను. ఊళ్ళో వాళ్ళు వచ్చెయ్యమని మొత్తుకున్నా చిన్నమ్మ కదల్లేదు. సెలవు మీద కూడా పోలేదు. తను విమానం ఎక్కిన మరునాడే ఆయన వస్తే ఎట్లా అని ఆమె భయం.

ఒక శుక్రవారం మామా టీవీకి శబ్దం ఆగిపోయింది. నేను బాగుచేశాక, చివరిదాకా బాగా వస్తోందో లేదో చూడమని మామా అక్కడే కూర్చోబెట్టింది. చిన్నమ్మ కంచాలు సర్దడానికి వచ్చి, ఆ రోజు నా పక్కనే నిలబడింది. అన్నేళ్ళలో ఆమె ఆ సినిమా ఆఖరు చూసింది లేదు. సాంబా డోళ్ళు మొదలైతే భోజనాల వేళ అయినట్టు లెక్క, వంటగదిలోకి పరిగెత్తేది. డోళ్ళు మోగాయి గనక మొగుడు వచ్చేశాడనీ, ఊరంతా పండగ చేసుకుంటోందనీ ఆమె అనుకుంది. అంతమాత్రానికే ప్రతి శుక్రవారం ఆమె మొహం విప్పారేది.

డోళ్ళు మోగాయి. వీధి నిండా రంగుబట్టలు, చిందులు. అది ఆ ఊరి ఉత్సవం, అంతే. కిటికీలో ఆవిడ ఒక్కతే ఉంది. ఆ గోల మధ్యలోంచి ఆ మెత్తటి పాట మళ్ళీ ఒకసారి వచ్చి, సినిమా అయిపోయింది.

"మొగుడేడీ మామా?" అంది చిన్నమ్మ, తనకొచ్చిన అరబ్బీలో.

"రాడు."

"మరి సౌదీ అంటాంది గదా?"

మామా ముందు నవ్వబోయింది. తర్వాత ఆమెకు చిన్నాయన సంగతి గుర్తొచ్చినట్టుంది, నవ్వలేదు. అది ఊరి పేరు కాదనీ, దగ్గర లేని మనిషి మీద పెట్టుకునే బెంగకు వాళ్ళ భాషలో ఉన్న మాట అనీ మెల్లగా చెప్పింది. చిన్నమ్మ తల ఊపి, కంచాలు తెచ్చి, ఎప్పటిలాగే అందరికీ వడ్డించింది. అందరూ తిన్నాక కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఖలాస్ మామా. నాకు ఊరికి టికెట్ తీయండి" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

ఎయిర్‌పోర్టులో నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. "అబ్బీ, నీ అంగడి మాత్రం మార్చొద్దురా. నేను పోయినాక ఆయనకి ఈడ తెలిసింది అదొక్కటే."

పోయిన ఏడు చిన్నమ్మ రాయచోటిలో కన్నుమూసింది. మా చుట్టుపక్కల అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే ఫర్వానియాలో పెద్ద వీధికి మారిపోయారు. నన్నూ రమ్మంటారు. నాకు ఇక్కడే బాగుందని చెబుతాను. అర్థం తెలిసినా ఆ పాటలో నాకిప్పటికీ సౌదీ అనే వినిపిస్తుంది. అంగడి తలుపు చప్పుడైతే తల ఎత్తి చూస్తాను. కాలం చిన్నమ్మను తీసుకుపోయింది గానీ ఆమె ఎదురుచూపును మాత్రం నా దగ్గరే వదిలేసింది, చిన్నాయన వస్తే ఇప్పుడు ఏమని చెప్పాలో తెలియకపోయినా చూస్తూనే ఉన్నాను.