వేన్నీళ్ల పొయ్యి ముట్టించని రోజు

మా అత్తకూ మా ఆయనకూ పెరట్లో ఉండింది ఒకే ఒక్క గొడవ, వేన్నీళ్ల పొయ్యి. అత్త తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, రాగి అండా కింద శెనక్కాయ పొట్టు పోసి ముట్టించేది. ఈయన సరిగ్గా ఆ వేళకే తన టెలిస్కోపు తెచ్చి నిలబెట్టేవాడు. పొయ్యి వేడికి గాలి కదిలి, గ్రహం చెంబులో నీడలాగా వణికేది.

"ఒక్క అరగంట ఆగి ముట్టించుకోమా" అని ఈయన.

"నీ సుక్కల కోసం నేను సన్నీళ్లు పోసుకోవల్లనా?" అని ఆమె.

నేను పెండ్లయి బంగారుపాళ్యం నుంచి చిత్తూరుకు వచ్చిన కొత్త. ముగ్గుచిప్ప పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి, ఇద్దరి మీదా లోలోపల విసుక్కునేదాన్ని.

మా ఆయనది కళ్లద్దాల అంగడిలో అద్దాలు సానబట్టే పని. ఇంట్లో ఆరు నెలలు గాజుబిళ్ల మీద గాజుబిళ్ల రుద్ది, టిఫిను పళ్లెమంత అద్దం తయారు చేశాడు. రేకు గొట్టం చేయించి అడుగున దాన్ని బిగించాడు. అందులో ఆకాశం కేసి నేరుగా చూడం, గొట్టం పక్కనున్న కంతలో చూస్తాం. మొదటిసారి నాకు చందమామను చూపించిన రోజు, ఈ మనిషిని ఇక ఊరికే తిట్టకూడదనుకున్నాను. ఆ అనుకోవడం వారం రోజులుండింది.

అత్త మాత్రం ఆ గొట్టం ఛాయలకే వచ్చేది కాదు. శని భయం. ప్రతి శనివారం గుడికి పోయి, నవగ్రహాల దగ్గర నువ్వులనూనె దీపం పెట్టి వచ్చేది. పదేళ్ల కిందట ఒకే ఒక్క శనివారం, చంద్రగిరిలో చుట్టాల పెండ్లికి పోయి దీపం మానేసిందట. ఆ మంగళవారమే మామ గుండెనొప్పితో పోయాడు. "నేను దీపం మరిసినానని శని నా మనిషిని తీసకపోయినాడు" అని నాతో ఒకసారి అంది, బియ్యం ఏరుతూ, తలెత్తకుండా. హాల్లో మామ పటం ఉండేది. ఆమె దాని ముందు నిలబడగా నేను చూడలేదు. దుమ్ము తుడిచేది కూడా నేనే.

1980 చలికాలంలో గురువు, శని ఆకాశంలో పక్కపక్కకు వచ్చారు. ధనుర్మాసం ముగ్గులు వేసే వేళకు ఇద్దరూ మా పెరటికి దాదాపు నడినెత్తిన ఉండేవారు. అమ్మకు శనిని చూపించాలని ఈయనకు పట్టుదల. ఆమెను ఎందుకు ఏడిపిస్తారని నేను కోప్పడ్డాను.

"నేరమంతా తన నెత్తినే ఏసుకోని బతకతా ఉండాది. ఒక్కసారి సూస్తే సాలు" అన్నాడు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఆ ఆరు నెలల రుద్దుడు ఎవరి కోసమో.

ఒక సాయంత్రం అత్త పంచాంగం మూసి, గోడతో చెప్పినట్టు చెప్పింది. "పక్కన గురుడు ఉంటే దోషం లేదంటారు. అయినా శనికి ఎదురుగా నిలబడి సూడకూడదు."

నిజమే, గుడిలో కూడా ఆ విగ్రహానికి పక్కగానే నిలబడి దండం పెడతాం. ఈయన ఎగిరి గంతేశాడు. "ఎదురుగా కాదుమా! మన గొట్టంలో సూసేది పక్క నుంచే గదా."

ఆమె లేచి వెళ్లిపోయింది.

మరుసటి తెల్లవారుజామున పెరట్లోకి పోతే పొగ లేదు. అండా చల్లగా ఉంది. అత్త చన్నీళ్లు పోసుకుని, విభూతి పెట్టుకుని, చలికి పళ్లు కొట్టుకుంటూ నిలబడి ఉంది. బట్టలుతికే బండ మీద నువ్వులనూనె దీపం వెలుగుతోంది. నేను లాంతరు తెస్తే వెలుగుకు చుక్కలు కనపడవని కసురుకునే మా ఆయన, ఆ దీపాన్ని ఒక్క మాట అనలేదు. దానికి అడ్డంగా తను నిలబడ్డాడు, అంతే.

అత్త వంగి కంతకు కన్ను ఆనించింది. "యాడ?" అంది. ఆ ఏడు శని చుట్టూ వలయం సన్నటి గీతలా ఉండింది, సూదికి గుచ్చిన పూస మాదిరి. శని కంతలోంచి జారిపోతే ఈయన గొట్టం తిప్పేవాడు. ఆమె మళ్లీ వంగేది. అట్లా మూడుసార్లు చూసింది.

"ఇంత సిన్నోడా! ఇంత దూరంలో ఉండేటోడికి నేను దీపం పెట్టింది, పెట్టంది ఏం తెలస్తాదిరా?" అంది. కంత నుంచి కన్ను తీసి, "మీ నాయన్ను తీసకపోయింది ఈడు కాదులేరా" అంది.

"నువ్వు గూడా కాదుమా" అన్నాడు ఈయన.

అత్త బండ మీద కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు. కొంగుతో ముఖం తుడుచుకుని, దీపం తీసుకుని లోపలికి పోయింది. దేవుడి గూట్లో పెడుతుందనుకున్నాను. గడప దగ్గర నిలబడి చూస్తే, మామ పటం కింద పెట్టింది. తడి కొంగుతో ఆ అద్దాన్ని నిదానంగా, అంచుల దాకా తుడిచింది.

"ఏమే, ఇంత దుమ్ము పెట్టినావే ఆయన మొగం మీద!" అని లోపలి నుంచి నన్ను కేకలేసింది.

ఆ పటాన్ని నేను ముందురోజే తుడిచాను. ఆ మాట అనకుండా, కళ్లు తుడుచుకుంటూ పోయి, ఆమెకు వేన్నీళ్ల పొయ్యి ముట్టించాను.