సప్లిమెంటరీల పాసైన డాక్టరు

ఇస్రాయేలు ఇంటర్‌ల ఫిజిక్స్ ఫెయిలైన సంగతి తిరుమలగిరిల అందరికీ ఎరికే. ఆయన దాచలేదు, దాస్తే దాగేది గూడ కాదు. బైపీసీ రెండో ఏడు పరీక్షల ముందల బాపుకు పక్షవాతం వచ్చింది. నల్గొండ దవాఖానల తల్లి లీలమ్మ ఒక్కతే తిప్పలు పడుతుంటే చూడలేక, బాపు మంచం పక్కన కూసోనే చదివిండు. బాటనీ, జువాలజీ ఎట్లనో గట్టెక్కినయి. ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీ రాసి పాసైండు గని, మార్కులన్నీ కలిపితే సగానికి జర తక్కువనే తేలినయి.

డాక్టర్ కావాలెనని చిన్నప్పటిసంది ఆశ. అప్పట్ల ఎంసెట్ ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులు గూడ కలుపుతుండ్రి. పరీక్ష ఓ మోస్తరుగ రాసినా, ఆ మార్కులు వచ్చి కలిసేసరికి ర్యాంకు ఎక్కడికో జారింది. అదే ఏడు బాపు పోయిండు. ఇల్లు గడవాలె కదా. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, నల్గొండల ఓ ప్రైవేటు దవాఖానల కుదిరిండు. స్వర్ణతో పెండ్లయింది. అక్షిత పుట్టింది. తెలంగాణ వచ్చినంక జిల్లాల మెడికల్ కాలేజీలు ఒక్కొక్కటే తెరుస్తుంటే, పేపర్ల చదివి మడిచి పక్కకు పెడుతుండె.

2022 ఎండకాలం. గజాలా వాళ్ళమ్మకు షుగర్ పరీక్ష చేయిద్దామని ల్యాబుకు తీసుకొచ్చింది. గజాలా ఇస్రాయేలుతోటి ఇంటర్ చదివిన మనిషి. ఇప్పుడు జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్తది. ముసలమ్మ చేతికి దూది అద్దుతుంటే ఆమె అన్నది.

"ఇస్రాయేల్, నీట్‌కు వయసు అడ్డం తీసేసిండ్రు, ఇన్నవా?"

"నాకెందుకు గా ముచ్చట?"

"నువ్వు రాయొచ్చు కదా."

ఇస్రాయేలు నవ్విండు. "వయసు సంగతి సరే. నా ఇంటర్ మార్కులు నీకు తెల్వదా? గా మార్కులతోని డాక్టర్ సీటు ఎవరిస్తరు?"

"నువ్వింకా ఎంసెట్ కాలంలనే ఉన్నవు. ఇప్పుడు ఇంటర్ మార్కులు ర్యాంకుల కలవయి. రిజర్వేషన్ ఉన్నోళ్ళకు సైన్సు సబ్జెక్టులల నలభై శాతం దాటితే చాలు, పరీక్షకు కూసోనిస్తరు. నువ్వు దాటినవ్. అక్కడిసంది అందరూ సమానమే. తొంభై ఎనిమిది వచ్చినోడైనా, నువ్వైనా ఒకటే పేపరు."

ఇస్రాయేలు ముసలమ్మను లేపి బయటిదాకా సాగనంపిండు. గజాలా తలుపుకాడ ఆగి ఇంకో మాట అన్నది. "ఆ మార్కులు నీ సీటును ఆపవు. గని నీకు ఏం రాదో అవే చెప్తున్నయి. ఫిజిక్స్ కాడ ఆగిపోయినవ్. ఆడికెల్లే మొదలుపెట్టు. ఆదివారం ఇంటికి రా, నేను చెప్త."

ఇంటికి పోయి స్వర్ణకు చెప్పిండు, ఆమె వద్దంటదనుకొని. స్వర్ణ కుట్టుమిషన్ ఆపి మొగని మొఖం దిక్కు చూసింది. "నాలుగొద్దులు చదివి ఇడిసిపెట్టేదైతే వద్దు. నిజంగ చదివేదైతే ఇంటి ఫికర్ నాకిడిసిపెట్టు."

కోచింగ్ సెంటర్ల అడిగితే, అక్కడి మనిషి మార్కులు చూసి, గడ్డం చూసి, "అన్నా, మీకెందుకీ కష్టం" అన్నడు. ఇస్రాయేలు అక్కడ వాదించలేదు. పాత పుస్తకాలు కొనుక్కొని ఇంటికొచ్చిండు. ఆదివారం చర్చి అయిపోంగనే గజాలా ఇంటికి పోతుండె. బడిపిల్లగానికి చెప్పినట్టు ఆమె వెక్టర్లకాడికెల్లి మొదలుపెట్టింది. రానిది రాదని చెప్పేతందుకు ఆయన సిగ్గుపడలేదు. అదే ఆయన బలం అని గజాలా తర్వాత అందరితోని అన్నది.

ఆ ఏడు నీట్ రాసిండు. ర్యాంకు సీటుకు చాన దూరంల పడ్డది. తోటి ల్యాబోళ్ళు 'సప్లిమెంటరీ డాక్టరు' అని పేరు పెట్టిండ్రు. ఆ రాత్రి ఆయన పుస్తకాలు మూటగట్టబోతుంటే లీలమ్మ వచ్చి కూసున్నది.

"ఈసారి ఏం తప్పింది కొడుకా?"

"ఫిజిక్సే అమ్మా. గని బయాలజీల మంచిగొచ్చినయి."

"మరి వచ్చిందాన్ని గూడ మూటగడతవేంది?"

మళ్ళ మొదలైంది. ఈసారి పొద్దుగాల సాంపిళ్ళకు పోయేముందు ఫిజిక్స్, మిషన్ల మీద పరీక్షలు నడిచేటప్పుడు కెమిస్ట్రీ. ల్యాబుల చూసిందే పుస్తకంల కనబడుతుంటే రక్తం పాఠం ఆయనకు కథ లెక్క తలకెక్కింది. తెలుగుల చదివిన మనిషి, తెలుగు పేపరే తీసుకున్నడు. 2023 నీట్ ఫలితం వచ్చినప్పుడు ఫిజిక్స్‌ల ఎన్నడూ రానన్ని మార్కులు వచ్చినయి. కౌన్సెలింగ్‌ల మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల సీటొచ్చింది.

చేరేనాడు స్వర్ణ, లీలమ్మ ఇద్దరూ ఎంట పోయిండ్రు. సర్టిఫికెట్లు చూసే సారు ఇంటర్ మెమో కాడ ఆగిండు.

"2010ల పాసైనవా? అదీ సప్లిమెంటరీలనా?"

"అవును సార్."

సారు ఇంకోసారి ర్యాంకు దిక్కు చూసిండు. ముద్ర ఏసి, కుర్చీలకెల్లి లేసి చెయ్యిచ్చిండు. "మంచిగ చదువు." ఆ ఒక్క మాటకు లీలమ్మ కొంగు కండ్లకు అద్దుకున్నది.

మొదటి క్లాసుకు పోతే, తెల్లకోటుల లోపలికొచ్చిన ఇస్రాయేలును చూసి పిల్లలందరూ లేసి నిలబడ్డరు. లెక్చరర్ అనుకున్నరు.

"కూసోండి, నేను గూడ ఫస్టియరే" అన్నడాయన.

క్లాసంత నవ్వింది. ఆయన గూడ నవ్వుకుంట ముందు బెంచీల జాగా చూసుకొని కూసున్నడు. పన్నెండు పదమూడేండ్లు చిన్నోళ్ళ నడుమ కూసునుడు నామోషీ అనిపించలేదు. సాయంత్రం ఫోన్ల స్వర్ణకు చెప్తే, "మరి లేసి నిలబడితే నిలబడనియ్యకపోయినవా" అన్నది.

తిరుమలగిరి అంగట్ల ఎవరో లీలమ్మను అడిగిండ్రట, గీ వయసుల సదువేందని. ఆమె వంకాయలు ఏరుతనే జవాబిచ్చింది. "మీ పిల్లలు అమ్మానాయిన పంపితే పోతరు. నా కొడుకు ఇల్లు నిలబెట్టి, బిడ్డను బడికి పంపి పోయిండు. వాడు డాక్టరై వచ్చేదాక నాకు జరం రాకుంట చూసుకుంట, గంతే."