మడత రేకు కారు

ఏలూరులో నేను బీరువాలు చేస్తాను. రేకు మడవడం నా పని. పల్చటి రేకు చేత్తో నొక్కితేనే వంగిపోతుంది. అదే రేకుకి మిషను మీద అంచులు మడిస్తే మనిషి ఎక్కి నిలబడినా కదలదు. కారు అడుగుభాగం కూడా అలాగే మడత రేకుతో చేసేయొచ్చని నాకు ధీమా.

కారు మా అక్క కోసం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు చచ్చుబడింది. కైకలూరులో బావగారు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. అక్క బజారులో జాకెట్లు కుడుతుంది. కొట్టుకి మూడు చక్రాల స్కూటరు మీద తనే వెళ్ళివస్తుంది. వానాకాలంలోనే ఇబ్బంది. కుట్టడానికి జనం ఇచ్చిన పట్టుబట్టల్ని పాలిథిన్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, తను తడుస్తూ ఇల్లు చేరుతుంది. "పైన ఒక కప్పుంటే చాలురా" అని ఒకసారి అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను కారు దాకా వెళ్ళాను.

ఈ-రిక్షా మోటారు, బ్యాటరీలు తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల కొట్టులో దొరికాయి. రేకును పొడుగాటి పెట్టెల్లా మడిచి, వాటిని పక్కపక్కన రివెట్లతో బిగించి అడుగుభాగం చేశాను. తలుపులు మా బీరువా తలుపుల్లాగే బిగుతుగా పట్టేలా అమర్చాను. దారినపోయేవాళ్ళు షెడ్డు ముందు ఆగి చూస్తుంటే గాల్లో తేలినట్టుండేది. "ఇంజనీర్లు చేసే పనండీ ఇది" అని ఎవరో అంటే, కాదనకుండా నవ్వి ఊరుకున్నాను.

పూర్తయ్యాక మినీ వ్యానులో ఎక్కించి తీసుకెళ్ళి అక్క కొట్టు ముందు దించాను. ఇంటి దగ్గర దించి ఉండొచ్చు. బజారంతా చూడాలనిపించింది. అక్క కర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. చేతి బ్రేకు లాగి చూసుకుంది. నేను తలుపులు వేశాను. కారు చప్పుడు లేకుండా కదిలింది. పక్కనే నేను నడుస్తున్నాను. జనం ఫోన్లు బయటికి తీశారు.

చేపల మార్కెట్ ముందు స్పీడు బ్రేకరు ఉంది. ముందు చక్రాలు దాటాయి. వెనక చక్రాలు ఎక్కేసరికి టప్పుమని పేలినట్టయి కారు నడుము దగ్గర కుంగిపోయింది. పొట్ట రోడ్డుకి ఆనింది. తలుపులు రెండూ బిగుసుకుపోయాయి.

లాగాను, రాలేదు. అటువైపు పరుగెత్తి లాగాను. వెనక రొయ్యల వ్యాను హారను కొడుతోంది. "ఏవండీ, బీరువాలో పెట్టి తాళం వేశారేంటండీ ఆవిణ్ణి?" అన్నారెవరో. అందరూ నవ్వారు. లోపల అక్క చెమటతో తడిసిపోయి, నా వైపు చూడకుండా ఎదురుగా రోడ్డునే చూస్తోంది. చివరికి పక్కనున్న మెకానిక్ షాపులో ఉలి, సుత్తి అడిగి తెచ్చి, నేను బిగించిన బందుల్ని నేనే నరికాను.

తలుపు ఊడింది కానీ సీటు వెనక్కి వాలిపోవడంతో అక్క లేవలేకపోయింది. నేను తేరుకునేలోపే ఇద్దరు మనుషులు ముందుకొచ్చారు. "వద్దండీ, నేను దిగుతాను, వద్దు" అని ఆమె అంటూనే ఉంది. చంకల కింద చేతులు వేసి ఎత్తి, ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టారు. పాపం, సాయం చేద్దామనే వచ్చారు. కానీ మా అక్క చిన్నప్పుడు కూడా ఎవరినీ ఎత్తుకోనిచ్చేది కాదు. బడి మెట్లు కూర్చుని జరుగుతూ ఎక్కేదే తప్ప అమ్మ చెయ్యి కూడా పట్టుకునేది కాదు. అలాంటి మనిషి నా మూలాన నడిబజారులో పరాయి చేతుల్లో వేలాడింది. చీర సర్దుకుని, "నా కర్ర ఇవ్వరా" అంది, అంతే. కర్ర ఇస్తూ ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

కారును ఏలూరు తెచ్చి షెడ్డు వెనక పడేసి టార్పాలిన్ కప్పాను. వీడియో మా వీధి దాకా వచ్చింది. టీ కొట్టుకి వెళ్ళడం మానేశాను. "ఏవండీ, వదినగారు. ఒక్క మాట మాట్లాడండి" అని మా ఆవిడ ఫోను తెస్తే, పనిలో ఉన్నానని చెప్పమనేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందు ఆటో ఆగింది. అక్క దిగింది. వెనకే బావగారు. "తీసుకొచ్చేదాకా ప్రాణం తీసిందయ్యా" అన్నారాయన.

"బండేదిరా?" అంది అక్క.

"ఇప్పుడదెందుకక్కా. తుక్కుకి ఇచ్చేస్తున్నాను."

"నాకని చేసినదాన్ని నన్నడక్కుండా ఎలా ఇచ్చేస్తావు? చూపించు."

టార్పాలిన్ తీశాను. ఎక్కడ విరిగిందని అడిగింది. చూపించాను. వైర్లు వెళ్ళడానికి నడుము దగ్గర మడత అంచును కోశాను. రేకు బలమంతా మడతలోనే ఉంటుంది. సరిగ్గా అక్కడే విరిగింది.

"నీకు తెలియదా ఆ సంగతి?"

"తెలుసు. వైర్లు బయటికి కనపడకపోతే అందంగా ఉంటుందని..." బావగారు వినపడనట్టు బయటికి నడిచారు.

"అక్కా, ఆ రోజు..."

"ఆ రోజు సంగతి ఎత్తకు. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది" అంది. విరిగిన చోట కర్రతో తట్టి, "మళ్ళీ చెయ్యి. తలుపులు మాత్రం పెట్టకు. ఏమన్నా అయితే నేనే దిగాలి" అంది.

కొత్త అడుగుభాగం మడిచాను. ఈసారి ఎక్కడా గాటు పెట్టలేదు. వైర్లు బయటినుంచే క్లిప్పులు వేసి తీసుకెళ్ళాను, వికారంగానే కనపడతాయి. బియ్యం బస్తాలు వేసుకుని వట్లూరు సందుల్లో గతుకుల మీద తిప్పి తిప్పి చూశాను. పక్కల తెరలు అక్కే రెగ్జిన్‌తో కుట్టుకుంది. బండిని ఎవరికీ చెప్పకుండా వాళ్ళింటి దగ్గర దించి వచ్చేశాను. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పెద్ద రోడ్డెక్కదు. కాలవ గట్టు మీదుగా కొట్టు వెనక వీధిలోకి వెళ్ళివస్తోంది.

మొన్న వానలో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అక్క గట్టు మీదనుంచి వచ్చి వాకిట్లో ఆపింది. కర్ర నేల మీద ఆనించి తనే దిగింది. బట్టల సంచి బావగారికి అందిస్తూ "పొడిగానే ఉన్నాయి" అంది.

సాయంత్రం బావగారు మోటారు సైకిలు మీద బస్టాండులో దింపుతానన్నారు. "మార్కెట్ వైపు వద్దండీ, చుట్టు తిరిగి వెళ్దాం" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. బండి అటు తిప్పారు.