చెరువు దగ్గర ఉప్పు చూడకూడదు

మా అత్తగారి ఊళ్ళో ఎండాకాలం సెలవులకు పిల్లలు రాగానే ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ చెరువు దగ్గరికి పోయి వండుకు తింటారు. గంగమ్మకు పెట్టి తినే కూడు అది. అమ్మకు పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి కూడా నాలుక మీద చుక్క వేసుకోకూడదు. వండింది ఇంటికి తేకూడదు, పారేయకూడదు, అక్కడే తిని లేవాలి. రుచి చూడకుండా పన్నెండు మందికి మాంసం వండమనడం ఏం న్యాయమో పెళ్ళయిన కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. మా అత్తకు మాత్రం అదొక లెక్కే కాదు. కొలత ఆమె గుప్పిట్లోనే ఉండేది, కూర తిన్నవాళ్ళు ఆమె చేతిని మెచ్చుకోకుండా లేచేవాళ్ళు కాదు.

ఆ యేడు మాత్రం పొద్దున లేచినప్పటి నుంచీ నాకు భయంగానే ఉంది. అత్తకు మతిమరుపు మొదలైందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

పొలమంతా సోలారుకు లీజుకిచ్చేశాక మాకు మిగిలిన సేద్యం ఆమె ఎనిమిది గొర్రెలే. పొద్దున తోలుకుపోయి, కంచెల వెంబడి మేపుకుని, పొద్దుగూకే వేళకు వచ్చేది. చలికాలంలో ఒకరోజు గొర్రెలు వాటంతటవే ఇల్లు చేరాయి, ఆమె రాలేదు. నేను వెతుక్కుంటూ పోతే ప్లాంటు గేటు ముందు రాతి మీద కూర్చుని ఉంది. అన్ని కంచెలూ ఒకే తీరుగా ఉన్నాయి, ఏది మన దారో తెలియలేదంది. నిజమే, ఆ సోలారు పలకల మధ్య నేనూ దారి తప్పుతాను. కానీ ఆమె కూర్చున్న చోటు, నలభై ఏళ్ళు తాను చెనిక్కాయలు పీకిన మా చేనే.

“మీ ఆయనకు చెప్పొద్దమ్మీ. చెప్తే గొర్రెల్ని అమ్మేస్తారు. అవి పోతే నేను యాడ కూచోవాల?” అంది.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని తెలుసు. కానీ ఆ ఇంట్లో నేను అడుగుపెట్టిన రోజు నుంచి నన్ను కూతురిలా చూసిన మనిషి మొదటిసారి నన్నొకటి అడిగింది.

మా బావ, అంటే మా ఆయన అన్న, పిల్లల చదువుల కోసం పావగడలో కాపురం పెట్టాడు. సెలవులకు వచ్చిన రోజే గొర్రెల మాట ఎత్తాడు. లీజు వస్తూనే ఉంది, ఈ వయసులో ఎండలో తిరగడం ఎందుకు, బేరగాడితో కూడా మాట్లాడాను అన్నాడు. మా ఆయన, చేతనైనన్ని రోజులు మేపుకోనీ అని అడ్డుపడ్డాడు. అన్నదమ్ములు ఇద్దరూ మొహాలు ముడుచుకునే చెరువుకు బయలుదేరారు. అత్త ఒక్క పొరపాటు చేస్తే చాలు, బావ మాటే నెగ్గుతుంది.

చెరువులో నీళ్ళు నడిమధ్యన మాత్రమే ఉన్నాయి. పిల్లలు బురదలో దిగి అరుస్తున్నారు. అవతలి గట్టున పలకల మీద ఎండ కొట్టి కళ్ళు మూసుకుపోతున్నాయి. తుమ్మచెట్టు నీడలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాం. బావ అక్కడే, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, టవలు పరుచుకుని ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఇంత చెరువులో ఆయనకు ఇంకెక్కడా నీడ దొరకలేదు.

మాంసం పసుపులో ఉడుకుతుండగా అత్త గుప్పెడు కల్లుప్పు వేసింది. మసాలా వేశాక మళ్ళీ గుప్పెడు వేసింది. మొదట తక్కువ వేసిందేమోలే అని సర్దిచెప్పుకుని, ఉప్పు పొట్లం తీసి గంప కింద దాచాను. కాసేపటికి ఆమె చుట్టూ వెతకడం మొదలుపెట్టింది.

“ఉప్పేదమ్మీ? ఇంకా ఉప్పే వేయలేదు కదా?”

నేను కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. వేశావు అత్తా, రెండుసార్లు వేశావు అంటే బావ చెవిన పడుతుంది. తలతో సైగ చేశాను, ఆమె చూడలేదు. ఇంతలో మా తోడికోడలు ఎంతో మర్యాదగా తన సంచిలోంచి ఇంకో పొట్లం తీసి ఇచ్చింది. మూడో గుప్పెడు కూడా పడింది.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. వేయడమైతే అయింది, చూడటానికే మాకు వీల్లేదు. అత్త అటు తిరగగానే రెండు చెంబుల నీళ్ళు పోశాను. ఏమ్మా, పులుసు చేస్తావా అని బావ ఫోనులోంచి తలెత్తకుండానే అడిగాడు. నవ్వి ఊరుకున్నాను. రాగిపిండి తడిపి ఉండలు చేసి కూరలో వేశాను, ఉప్పు పీలుస్తుందని మా అమ్మ చెప్పేది. ఇదేం వంట అని తోడికోడలు అడిగితే చిక్కబడటానికి అన్నాను. చెమటతో నా రవిక తడిసిపోయింది, అది పొయ్యి సెగకు కాదు. అంత భయంలోనూ మసాలా ఘుమఘుమకు నోరూరుతూనే ఉంది, అది వేరే సిగ్గు.

గంగమ్మ రాళ్ళకు పెట్టి మొక్కాం. మోదుగాకు విస్తళ్ళు పరిచి, సంగటి ముద్దలు పెట్టి, అత్తే అందరికీ కూర వడ్డించింది. బావ చిన్నకొడుకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం వంకరగా పెట్టి, ఉమ్మేశాడు. బావ ఒక ముక్క నోట్లో వేసుకుని చెయ్యి విస్తట్లో ఆపేశాడు. నేను పోసిన నీళ్ళు, వేసిన ఉండలు ఏమీ పని చేయలేదు.

“ఎవరు ఉప్పేసింది?” అన్నాడు.

“నేనే బావా,” అన్నాను.

మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకు అనుమానం వచ్చిందని నాకు తెలిసింది. బావకు రాలేదు. ఆకలి మీద ఉన్నాడు, పొద్దుటి కోపం కడుపులోనే ఉంది.

“మీ అమ్మ నీకు ఉప్పేసేది కూడా నేర్పీలేదా?” అన్నాడు.

మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల దించుకుని నా విస్తరి చూస్తూ ఉండిపోయాను. ఇంకో మాట అంటే లేచి వెళ్ళిపోయేదాన్నే.

అత్త గరిటె కూర గిన్నెలో పెట్టేసింది.

“రేయ్, సచ్చిపోయిన ఆయమ్మ జోలికి పోవద్దు. ఉప్పేసింది నేను. ఎన్ని తూర్లు వేసినానో నాకే తెలీదు. చలికాలంలో దావ తెలీక గేటుకాడ కూచోనుంటే ఈ పిల్లే వచ్చి పిల్చుకపోయింది. చెప్పొద్దని నేనే అడిగినా.”

మా ఆయన నీళ్ళ చెంబు ఎత్తి మళ్ళీ కింద పెట్టాడు. ఉప్పు వేసింది మరిచిపోయిన మనిషికి, మా అమ్మ లేదన్న సంగతి మాత్రం గుర్తుంది.

కూడు పారేయకూడదు కదా. బావ లేచి, గిన్నెలో వేడినీళ్ళు పోసి, ముక్కలన్నీ తన చేత్తోనే కడిగి పిల్లలకు పెట్టాడు. మేము సంగటి ఎక్కువ, కూర తక్కువ కలుపుకుని, ముద్దకొక గుటక మజ్జిగ తాగుతూ తిన్నాం. బావ ఒక్క ముక్కా వదల్లేదు. చేయి కడుక్కునేటప్పుడు నా పక్కన నిలబడి, తప్పయిందమ్మా అన్నాడు. ఆయనంటే నాకున్న కోపం సగం అక్కడే పోయింది.

మరుసటి వారం గొర్రెల్ని అమ్మేశారు. నేను వద్దని చెప్పలేకపోయాను. చెప్పడానికి నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు, మా ఆయన దగ్గరా మిగల్లేదు. బేరగాడు తోలుకుపోతుంటే అత్త వాకిట్లో నిలబడి, ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, ఏది కుంటుతుందో, ఏది ఆకు తినదో వాడికి చెప్పి పంపింది.

ఇప్పుడు పొద్దున్నే కర్ర చేతికి తీసుకుని దొడ్లోకి పోయి చూస్తుంది. వెనక్కి వచ్చి నన్ను అడుగుతుంది, గొర్రెల్ని ఎందుకమ్మినాం అని. నీకు బాగాలేదు గనక అనొచ్చు. బావ అమ్మాడు అనొచ్చు. నేను ఉన్నదే చెప్తాను.

“నా కోసరం అమ్మినావు అత్తా. నన్నూ మా అమ్మనీ మాటంటే ఓర్చుకోలేక నిజం చెప్పేసినావు.”

ఆమె కాసేపు నా మొహం చూస్తుంది.

“అట్లయితే పోనీలేమ్మీ,” అంటుంది.

రోజూ అడుగుతుంది. ఆమె చెప్పే ఆ జవాబు మాత్రం ఇంతవరకూ మారలేదు.