పటేలు ఇంట్లో నల్లగోడ

1984లో నెల్లికుదురు దగ్గర ఒక ఊళ్లో బాల్వాడీ టీచరుగా చేరాను. బడి ఈడు రాని పిల్లలను ఆడించి, పాడించి, బడికి సిద్ధం చేయడం మా పని. కేంద్రానికి ఊరి పటేలు తన ఇంటి ముందుగది ఇచ్చాడు.

ట్రైనింగ్‌లో మాకు ‘రైటింగ్ కార్నర్’ గురించి చెప్పారు. పిల్లలు ఇష్టమొచ్చినట్టు గీసుకునే మూల అది. అక్షరాల కంటే ముందు పిచ్చిగీతలు గీయనివ్వాలి, దాన్నే ‘స్క్రిబ్లింగ్’ అంటారు. వేళ్లకు పట్టు అలాగే వస్తుంది. పటేలును అడిగి, బొగ్గు నూరి ఆకుపసరు కలిపి, గోడకు పిల్లల ఎత్తు దాకా నల్లగా పూశాను. కింద ఒక చిప్పలో సుద్దముక్కలు పెట్టాను.

మాదిగవాడ నుంచి యాకమ్మ వచ్చేది. నాలుగేళ్లుంటాయి. నోరు విప్పేది కాదు. ఒకనాడు గోడ మీద సుద్దతో గుండ్రంగా చుట్టింది.

“గిదేందే?” అన్నాను.

“మా అవ్వ.” పైన ఇంకో చుట్టు చుట్టి, “గిది గంప” అంది.

నాతో ఆమె మాట్లాడిన మొదటి మాటలవి. పటేలు మనవరాలు పక్కకొచ్చి, “నాగ్గూడ గంప గియ్యవే” అని ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గుమ్మంలో నిలబడ్డ పటేలు అది చూశాడు.

“టీచరమ్మా, గోడకు నలుపు పుయ్యమన్న గని, వాడ పిల్లలను నా ఇంట్ల తోలమన్ననా? వాళ్లకు బయట ఇసుక పోసి గండ్ల రాయించు. మా పిల్ల లోపల రాస్తది.”

“పసిపిల్లలు పటేలా. గట్ల వేరు చేసుడు నాతోని కాదు.”

“అయితే గది ఖాళీ జెయ్యి.”

సూపర్‌వైజర్ మేడమ్‌కు కబురు పెట్టాను. వచ్చింది, పటేలు ఇంట్లో చాయ్ తాగింది. “గది పోతే సెంటరే పోతది. జర సర్దుకో” అని చెప్పి బస్సెక్కింది.

మరునాటికి గోడకు సున్నం కొట్టించారు, గదికి తాళం పడింది. నేను వాడలో ఒక పందిరి కింద పిల్లలను కూర్చోబెట్టాను. కొద్దిరోజులకు ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి యాకమ్మను తీసుకుపోవడానికి వాళ్ల అమ్మ వచ్చింది.

“మా వాడోళ్లను నాట్లకు పిలుస్తలేరు టీచరమ్మా. ఇది రాసుడు నేర్సేదాక మేమేం తినాలె?”

యాకమ్మ పిడికిట్లో సుద్దముక్క ఉంది. తల్లి ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. పిల్ల ఏడవలేదు. తల్లి కొంగు పట్టుకుని పొలం దారిన నడిచింది.

నన్ను ఇంకో ఊరికి మార్చారు. పటేలు గదిలో కొత్త టీచరుతో కేంద్రం మళ్లీ తెరిచారు. వాడ పిల్లలు బయట ఇసుకలో కూర్చుంటున్నారని తర్వాత విన్నాను. ఆ తర్వాత నేను ఏ ఊళ్లోనూ పెద్దింటి గది తీసుకోలేదు. గది దొరకక చెట్టు కింద నడిపిన రోజులున్నాయి. పిల్లల చదువు ఒకరి దయ మీద మొదలుపెట్టకూడదని ఆ ఊళ్లో తెలుసుకున్నాను. తెలుసుకున్నది నేను, చదువు పోయింది యాకమ్మకు.