పసుపు నీళ్ళలో నా చూపు

ఆ రోజుల్లో అల్లూరు దగ్గర మా పాళెంలో మనిషికి చదువెంత, సంపాదనెంత అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. చూపెంత అన్నదే లెక్క. వేటకు పోయిన పడవలు పొద్దున్నే తిరిగొచ్చే వేళకు ఆడవాళ్ళంతా గట్టున నిలబడి, సముద్రం మీద ఆవగింజంత నలుపు కనబడగానే "అదో, మా పడవ!" అనేవాళ్ళు. అందరికన్నా ముందు మా అమ్మ అనేది. నాకు మాత్రం సముద్రమూ ఆకాశమూ కలిసి ఒకటే మజ్జిగ. (సోడాబుడ్డి కళ్ళద్దాలు ఉండేవి లెండి. వాటికి తుంపర పట్టేది, తుడిచి పెట్టుకునేలోపు పడవ ఒడ్డుకొచ్చేది.) ఒక్కసారైనా మా నాయన పడవను నేనే ముందు చూసి చెప్పాలన్నది నా జీవితాశయం.

కృష్ణపట్నంలో ఉద్యోగమొచ్చి మొదటి జీతం చేతిలో పడగానే నెల్లూరు పోయి కాంటాక్ట్ లెన్సులు కొన్నాను. షాపాయన దాదాపు మంత్రోపదేశమే చేశాడు. "మెత్తటి లెన్సుకి ఒక మందు, గట్టి లెన్సుకి ఇంకొకటి, అటుదిటు మార్చబాకమ్మా. కుళాయి నీళ్ళు తగలనే కూడదు. నిన్న వాడిన మందు ఈ పొద్దు వాడకూడదు. ఇదో, ఈ నురగొచ్చే మందు పోస్తే దీని డబ్బాలోనే రాత్రంతా ఉంచాల. ముందే తీసి పెట్టుకుంటే కళ్ళు మండిపోతాయి." నేను భయభక్తులతో తలూపాను.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, సబ్బుతో చేతులు కడిగి తుడుచుకొని, లెన్సులు డబ్బాలో వేసి మందు పోశాను. సన్నటి బుడగలు బుసబుసా లేచాయి. ఇంటిల్లిపాదీ నోళ్ళు తెరుచుకొని చూశాం. "పొయ్యి లేకండానే ఉడకతా ఉండాదేమే!" అని అమ్మ చెంపలేసుకుంది. "క్రిములు చస్తాయమ్మా" అని గొప్పగా చెప్పి పడుకున్నాను.

పొద్దున చూస్తే డబ్బా ఖాళీ. పక్కన పళ్ళెంలో రెండు లెన్సులు పులిహోర రంగులో మెరుస్తున్నాయి.

"ఆ ఉడికే నీళ్ళు నా బిడ్డ కళ్ళల్లోకా! పారబోసినా. ఉప్పూ పసుపూ వేసి, నీసు పోయేదాకా రుద్దినా" అంది అమ్మ. చేపలు కడగడంలో పాళెంలో ఆమెకు సాటి లేదు మరి. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. ఆ పొద్దు కూడా "అదో, మీ నాయన!" అని అమ్మే అంది.

రెండో జీతానికి మళ్ళీ కొన్నాను. ఈసారి అమ్మ డబ్బాకు కాపలా కూర్చుని పిల్లిని కూడా దగ్గరికి రానివ్వలేదు. తెల్లారి లెన్సులు పెట్టుకొని గట్టున నిలబడి చూశాను. అలకు అంచుంటుందనీ, ఎగిరే కొంగకు కాళ్ళు కనబడతాయనీ, సముద్రానికి గీత గీసినట్టు ఒక చివరుంటుందనీ నాకు అప్పుడే తెలిసింది. ఆ గీత మీద ఒక నల్లచుక్క. అమ్మ చూసే ఉంటుంది, నోరు మాత్రం విప్పలేదు.

"అదో, మా నాయన!" అని కేకపెట్టాను. పడవ దగ్గరయ్యేకొద్దీ ఇంకొకటి కనబడింది. "అమ్మా, నాయన చెయ్యి ఊపతా ఉండాడే!"

"ఈ పొద్దేందిమే, నువ్వు గట్టుకు రాను నేర్చినకాడ్నుంచీ ఊపతానే ఉండాడు. దానికి కనపడదయ్యా అని నేనంటే, ఎప్పటికైనా కనపడతాదిలే అంటాడు."

రెండు చేతులూ ఎత్తి ఊపాను. అంతలోనే కళ్ళ ముందు మళ్ళీ అంతా మజ్జిగైపోయింది, ఈసారి తప్పు నా చూపుది కాదు.

నాయన ఇప్పుడు లేడు. పొద్దున లెన్సులు పెట్టుకోబోయే ముందు చేతులు కడుక్కుని, ఆ తడిచెయ్యి ఒకసారి పైకెత్తి ఊపుతాను. నీళ్ళు విదిలిస్తున్నాననుకుంటారు మా ఇంట్లోవాళ్ళు.