విరిగినవన్నీ వాగువి కావు

నా చిన్నప్పుడు, ఏడో తరగతిలో, మా అవ్వ మీద గొంతు చించుకుని అరిచాను. కారణం ముప్పై ఒక్క రాతి ఆల్చిప్పలు. అరియలూరు వైపు లారీ తోలే మా మేనమామ రెండు చోట్ల నుంచి తెచ్చిచ్చిన శిలాజాలవి. సున్నపురాయి గనివి ఒక సంచిలో, ఇసుక వాగువి ఇంకో సంచిలో. రెండు చోట్లా ఒకప్పుడు సముద్రమే; గని చోట లోతు నీళ్లు, వాగు చోట అలలు కొట్టే ఒడ్డు అని నా లెక్క. గనివి రెండు చిప్పలూ మూసుకుని నిండుగా ఉంటాయని, అలల దెబ్బ తిన్న వాగువి విరిగి ఉంటాయని వేలూరు సైన్సు ప్రదర్శనలో చూపించాలని నా పట్టుదల.

అవ్వ రెండు సంచులూ ఒకే తొట్టిలో కుమ్మరించి కడిగేసింది.

"మట్టిగడ్డలు ఇంట్లో పెడితే తేళ్లు రావా? తళతళా కడిగిపెడితే నా మీదనే ఎగురుతా ఉండావే!"

లుంగీలు నేసే మా తాతయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. చిప్పల మడతల్లో మిగిలిన మట్టి చూడమన్నాడు. తెల్లమట్టి ఉంటే గనిది, పసుపు ఇసుక ఉంటే వాగుది. అలా పంతొమ్మిది తేలాయి. మిగతా పన్నెండింటిలో ఏ మట్టీ లేదు. నిండువి గని కుప్పలోకి, విరిగినవి వాగు కుప్పలోకి టపటపా పడేశాను. నీళ్లు తాగి వచ్చేసరికి తాతయ్య ఇంకో రెండు విరిగిన చిప్పలు నా చేతిలో పెట్టాడు.

"ఇవి యాడివిరా?"

"వాగువి తాతా."

"ఎట్ల తెలిసె?"

"విరిగిండాయి గదా!"

ఆయన పిడికిలి తెరిచాడు. లోపల తెల్లమట్టి. గని కుప్పలోంచే ఆ రెండూ తీసి, సూదితో మట్టి గీకేశాడు. మట్టి తేల్చిన గని చిప్పల్లోనూ విరిగినవి ఉన్నాయని అంతదాకా నా కంటికి ఆనలేదు.

"చూసి చెప్తావా, చెప్పేసి చూస్తావా? ఏ అద్దకం తొట్టి రంగో తెలీని నూలు పడుగులో కలిపితే, ఉతికినాక లుంగీ పొడుగునా చార పడతాది. తీయ్ ఆ పన్నెండూ!" ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి.

ప్రదర్శనలో పంతొమ్మిదే పెట్టి, 'చోటు తెలియనివి పన్నెండు' అని అట్ట మీద రాశాను. గనిలోనూ విరిగినవి ఉన్నాయని రాశాను. బహుమతి రాలేదు. తిరుగు బస్సులో తాతయ్య పక్కన కూర్చోకుండా పోయి వెనక సీట్లో కూర్చున్నాను. పళ్ళికొండ దాటాక కూడా ముందుకు రాలేదు.

ఇప్పుడు నేను సిమెంటు నాణ్యత పరీక్షించే ల్యాబులో పని చేస్తున్నాను. పరీక్ష కాగితంలో ఖాళీగా ఉన్న గడిలో ఎవరైనా అంచనాగా అంకె వేసి సంతకం పెడితే ఒళ్లు మండిపోతుంది. ఆ మంట తాతయ్యదే. అయితే నోరు తెరిచే ముందు నా కాగితం తీసి, నాకు కావాల్సిన జవాబు నేనెక్కడ దూర్చానో వెతుకుతాను. చాలాసార్లు దొరుకుతుంది.